కూడి చదువుట

పరీక్షలు దగ్గరపడిన కొలది ఊళ్లలో ఒక దృశ్యము కానవచ్చును. సాయంకాలము బడి విడిచిన పిదప పాఠశాల వసారాలోనో, రామాలయపు అరుగు మీదనో, ఎవరి యింటి డాబా మీదనో నలుగురైదుగురు పిల్లలు పుస్తకములతో చేరుదురు. దూరమునుండి చూచువారికి అది ముచ్చటగానే యుండును. దగ్గరకు పోయి చూచినచో ఒక్కొక్కప్పుడు వేఱు సంగతి తెలియును. ఒకడు బిగ్గరగా చదువుచుండును. ఇద్దరు తలలూపుచుందురు. నాలుగవవాడు గోడమీది బల్లి పురుగును పట్టునా లేదా యని చూచుచుండును. అర్ధగంట గడచుసరికి మాట క్రికెట్టు మీదికి మరలును. ఇండ్లకు పోవునప్పుడు మాత్రము అందరికిని చాల చదివితిమను తృప్తి కలుగును. ఆ తృప్తియే అన్నిటికంటె ప్రమాదకరమైనది.

ఇట్టి గుంపులను చూచియే కొందరు పెద్దలు, చదువనునది ఒంటరిగా చేయవలసిన పనియనియు, నలుగురు చేరిన చోట కాలక్షేపమే తప్ప చదువు సాగదనియు అందురు. వారి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. కాని దోషము కూడుటలో లేదు. కూడిన తరువాత ఏమి చేయుచున్నారను దానిలో నున్నది.

ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఈ విషయము వట్టి ఉపదేశము కాదు. దీనితో ముడిపడిన పరీక్ష యొకటి వారి యెదుటనే యున్నది. కేంద్రప్రభుత్వము 2008లో నెలకొల్పిన జాతీయోపకార వేతన పరీక్ష ఆ తరగతివారికే యుద్దేశింపబడినది. ప్రభుత్వ పాఠశాలలలోను, స్థానిక సంస్థల పాఠశాలలలోను, ఎయిడెడ్ పాఠశాలలలోను చదువుచు, తల్లిదండ్రుల సాంవత్సరికాదాయము మూడున్నర లక్షల రూపాయలకు మించని పిల్లలు దీనికి కూర్చుండవచ్చును. నెగ్గినవారికి తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు ఏటేట సొమ్ము లభించును. మొదట ఏడాదికి 6,000 రూపాయలుగా నున్న ఈ వేతనము 2017లో 12,000 రూపాయలకు పెరిగినది. దేశమంతటికిని కలిపి యేటికి లక్ష వేతనములు. కూలి పనులు చేసి పొట్ట పోసికొను కుటుంబములో ఆ పండ్రెండు వేలు పిల్ల చదువు ఆగుటకును సాగుటకును నడుమ నున్న తేడా కావచ్చును.

ఆ పరీక్షలో రెండు భాగములున్నవి. ఒకటి బుద్ధికుశలతను పరీక్షించునది, రెండవది పాఠ్యాంశములకు సంబంధించినది. ఒక్కొక్క దానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషములు. అనగా ప్రశ్నకొక నిమిషము. ఎంత తెలివిగలవాడైనను, ఈ విధమైన ప్రశ్నలతో ముందు పరిచయము లేనిచో ఆ నిమిషము చాలదు. పట్టణములలో డబ్బు గలవారు ఇట్టి పరిచయమును శిక్షణాలయములలో కొనుక్కొందురు. పల్లెలోని జిల్లా పరిషత్తు పాఠశాల పిల్లవానికి ఆ వసతి లేదు. అతనికి ఉన్నది ఉపాధ్యాయుడును, ప్రక్క బల్లమీది స్నేహితుడును.

స్నేహితునివలన చదువు వచ్చుననుట క్రొత్త మాట కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు పర్యవేక్షకుడయ్యెను. అతడు ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు దిద్దుచుండుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టదలచెను. అక్కడి ఉపాధ్యాయులు అందుకు సుముఖులు కాకపోగా, ఒక బాలునిచేతనే చిన్నపిల్లలకు నేర్పించెను. ఆ యేర్పాటు ఫలించుటచే తరువాత పిల్లలచే పిల్లలకు నేర్పించుట నొక పద్ధతిగా చేసి, 1797లో ఇంగ్లండులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అది యక్కడ మద్రాసు పద్ధతియను పేర ప్రసిద్ధి కెక్కినది.

తెలుగువారి వీధిబడులలో ఆ యాచారము అంతకు ముందే వాడుకలో నున్నది. 1823లో బళ్లారి జిల్లా కలెక్టరైన క్యాంబెల్ దొర, తెలుగు వ్యాకరణము రచించిన వాడే, తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకొక నివేదిక పంపెను. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చెప్పెను. ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పుచు, ఆ నేర్పుటలోనే తమ జ్ఞానమును గట్టిపరచుకొనుచుందురని ఆయన మెచ్చుకొనెను. ఇంగ్లండువారు దీనిని అనుకరించుట సముచితమే యని కూడ వ్రాసెను. అదే నివేదికలో మఱియొక మాటయు నున్నది. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆయన ఆక్షేపించెను. మెప్పును ఆక్షేపణయు ఒకే బడిని గూర్చినవే. కూడి చదువుటలో జ్ఞానము గట్టిపడవచ్చును. కూడి వల్లించుటలో గొంతు మాత్రమే గట్టిపడవచ్చును.

ఇంచుమించు నూటయేబది సంవత్సరముల తరువాత అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయములో ఉరీ ట్రైస్మన్ అను గణితాధ్యాపకునికి ఇదే ప్రశ్న వేఱొక రూపమున ఎదురైనది. అక్కడ కలనగణితమును చదువు నల్లజాతి విద్యార్థులలో చాలమంది తప్పిపోవుచుండగా, చైనా సంతతివారు చక్కగా నెగ్గుచుండిరి. కారణమేమని అడుగగా, శ్రద్ధ లేదనియు, పేదరికమనియు, ఇంటిలో ప్రోత్సాహము లేదనియు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పిరి. ఊహలతో తృప్తిపడక ఆయన 1970ల చివర ఇరువురి నుండియు ఇరువదేసి మందిని ఎన్నుకొని వారు ఎట్లు చదువుచున్నారో స్వయముగా చూచెను. ఊహలేవియు నిలువలేదు. నల్లజాతి విద్యార్థులు కష్టపడి చదువుచునే యుండిరి. కాని ఇరువదిమందిలో పదునెనిమిదిమంది ఎప్పుడును ఒంటరిగానే చదివిరి. చైనా సంతతివారు మొదట ఎవరి లెక్కలు వారు చేసికొని, పిదప ఒకచోట చేరి, ఒకరి జవాబులను ఒకరు సరిచూచుకొనుచుండిరి. పాత ప్రశ్నపత్రములు తెచ్చి చేయుచుండిరి. ఒకరినొకరు ప్రశ్నించుకొనుచుండిరి. ఒంటరివాడు లెక్క తప్పినప్పుడు తప్పు తనదో, పుస్తకముదో, అందరికిని అది కష్టమైనదో తెలియక కలతపడెడివాడు. గుంపులోనివానికి ఆ సంగతి ఆ సాయంకాలమే తెలిసెడిది. ట్రైస్మన్ ఆ తరువాత కఠినమైన లెక్కలతో గోష్ఠులు ఏర్పరచి, కలిసి పనిచేయుట నేర్పగా, వాటిలో చేరినవారు బాగుగా నెగ్గసాగిరి.

ఇందులో గమనింపదగిన మాట “మొదట ఎవరి లెక్కలు వారు” అనునది. కలిసి చదువుటకు ముందు విడిగా చదువుట యుండవలెను. వట్టి చేతులతో వచ్చినవాడు గుంపునకు భారమగును. అతనికే నష్టము మఱింత ఎక్కువ. ఏలయన ఇతరుల మాటలు విని తనకు వచ్చినదని భ్రమపడును.

ఈ భ్రమను ఇద్దరు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. రోడిగర్, కార్పిక్ అనువారు 2006లో ప్రకటించిన పరిశోధనలో కొందరు విద్యార్థులచే ఒక గద్యభాగమును నాలుగు పర్యాయములు చదివించిరి. మఱికొందరిచే ఒక్కమారు చదివించి, మూడు పర్యాయములు పుస్తకము చూడకుండ జ్ఞప్తికి వచ్చినంత వ్రాయించిరి. అయిదు నిమిషములు గడచిన పిమ్మట పరీక్షింపగా నాలుగుమార్లు చదివినవారిదే పైచేయి. వారము గడచిన తరువాత లెక్క తారుమారయ్యెను. చదివినవారికి నూటికి నలుబది వంతులు, వ్రాసినవారికి అరువదియొక వంతులు జ్ఞప్తియందున్నవి. అయినను తమకు బాగుగా గుర్తుండునని ముందు ఎక్కువగా నమ్మినది మరల మరల చదివినవారే! అరుగు మీద బిగ్గరగా చదివించుకొని తలలూపు పిల్లల తృప్తి యిట్టిదే. అందుచేత గుంపు కూర్చున్న గంటలో పుస్తకములు మూసియుండుట మంచిది. చదువుట ఇంటిపని; అడుగుటయు చెప్పుటయు గుంపుపని.

గుంపులో ఎందరుండవలెను? ముగ్గురో, నలుగురో చాలును, అయిదుగురు మితి. మాక్స్ రింగెల్‌మన్ అను ఫ్రెంచి వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు మనుష్యులచే మోకు లాగించి బలమును కొలిచి, 1913లో ఆ ఫలితములను ప్రకటించెను. ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు వచ్చిన బలము ఒక్కని బలమునకు ఎనిమిదింతలు కాదు. అందులో సగము మాత్రమే. అందరును ఒకే క్షణమున లాగకపోవుట యొక కారణము, ప్రక్కవాడు లాగుచున్నాడు గదా యను ధీమా మఱియొక కారణము. పదిమంది చేరిన చదువు గుంపులో ఈ ధీమా చూడవలెనన్న కొలత సాధనము అక్కఱలేదు.

ఇక ఆ గంటలో జరుగవలసిన పని యెట్లుండునో చూడుడు. ఇరువది ప్రశ్నలను ఇరువది నిమిషములలో ఎవరికి వారు, మాటలాడక, కాగితము మీద చేయుదురు. తరువాత జవాబులు అందరును ఒక్కమారే చూపుదురు. ఒక్కమారే చూపుటలో కిటుకున్నది. మొదట ఒకడు చెప్పినచో, వాడు తరగతిలో మొదటి మార్కులవాడైనచో, మిగిలిన మువ్వురి జవాబులును నోటికి రాకమునుపే మారిపోవును. జవాబులు అందరివి ఒకటియైన ప్రశ్నను దాటిపోవచ్చును. వేఱైన చోటనే ఆగవలెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూర్ 1991 మొదలు తన తరగతిలో ఇట్లే చేయసాగెను. ఒక ప్రశ్న యిచ్చి, ఎవరి జవాబు వారిచే ముందు తెలుపించి, పిదప ప్రక్కవానిని ఒప్పించుమని విడిచిపెట్టి, మరల జవాబు అడుగును. నిన్ననే నేర్చిన విద్యార్థికి తాను ఎక్కడ తడబడెనో జ్ఞప్తి యుండును. చిరకాలము క్రింద నేర్చిన ఆచార్యునికి ఆ తడబాటు మఱపునకు వచ్చియుండును. కావుననే తోటివాని మాట ఒక్కొక్కప్పుడు గురువు మాటకంటె త్వరగా తలకెక్కును.

ఉదాహరణకు, గడియారము మూడున్నర చూపునప్పుడు రెండు ముండ్లకు నడుమ కోణమెంత యను ప్రశ్న వచ్చినదనుకొనుడు. ముగ్గురు తొంబది డిగ్రీలు అని వ్రాసిరి. ఒకతె డెబ్బదియైదు అని వ్రాసినది. ముగ్గురు ఒకటి చెప్పినారు గనుక అదే నిజమనుట యెన్నికలకు తగును గాని లెక్కలకు తగదు. ఆమె “అరగంట గడచినది గదా, గంటల ముల్లు ఇంకను మూడు మీదనే యుండునా?” అని అడిగినది. అది మూడునకును నాలుగునకును నడుమకు, అనగా పదునైదు డిగ్రీలు జరిగియుండును. తొంబదిలో పదునైదు పోగా డెబ్బదియైదు. ఈ ఒక్క ప్రశ్నతో మువ్వురును ఇంకెన్నడును గడియారపు లెక్క తప్పరు. అదే జవాబు సూచికలో చూచికొని దిద్దుకొన్నచో వచ్చెడిది డెబ్బదియైదు అను సంఖ్య మాత్రమే.

అందరును సరియైన జవాబే వ్రాసినను ఒక్కొక్కప్పుడు ఆగుట లాభకరము. 2, 6, 12, 20, 30 అను వరుసలో తరువాతి సంఖ్య 42 అని నలుగురును చెప్పవచ్చును. ఒకడు భేదములు 4, 6, 8, 10 గనుక పైన 12 కలిపితిననును. వేఱొకతె ఒకటి రెండ్లు రెండు, రెండు మూళ్లు ఆరు, మూడు నాళ్లు పండ్రెండు, కావున ఆరేళ్లు నలుబది రెండు అనును. ఇరువురును నెగ్గిరి. కాని ఇరువదియవ సంఖ్య యేదని అడిగినచో మొదటివాడు ఒక్కొక్క భేదమే కూడుకొనుచు పోవును. రెండవ బాలిక ఇరువదిని ఇరువదియొకటితో హెచ్చించి 420 అని వెంటనే చెప్పును. పరీక్షలో ప్రశ్నకొక నిమిషమే గదా.

మఱియొక చిన్న జాగ్రత్త. ఈ పరీక్షలో తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు. కనుక తెలియని ప్రశ్నకు ఊహించి యొక వృత్తమును నింపి వచ్చుట అక్కడ తెలివియే. గుంపులో మాత్రము ఆ తెలివి చేటు తెచ్చును. ఊహ తగిలినచో అది జ్ఞానమువలె కానవచ్చి, ఆ ప్రశ్న దాటిపోవును. ఊహించిన జవాబు ప్రక్కన చిన్న గుర్తు పెట్టుకొని, “ఇది నాకు రాదు, తగిలినది” అని చెప్పుకొను ధైర్యము కావలెను. ఆ మాట చెప్పినవానిని చూచి నవ్వు గుంపును ఆనాడే విడిచిపోవుట మంచిది. నలుగురికిని తెలియనిదానికి చుక్క పెట్టి మఱునాడు ఉపాధ్యాయుని అడుగవలెను. నలుగురు అజ్ఞానులు గంటసేపు వాదించినంత మాత్రమున జ్ఞానము పుట్టదు.

గుంపును పాడుచేయువాడు అల్లరివాడని అందరు తలతురు. బాగుగా చదువువాడును అంతగానే పాడుచేయగలడు. అతడు ప్రతి లెక్కయు తానే చేసి చూపుచు చిన్న పంతులుగా మారును. మిగిలినవారు వ్రాసికొను గుమాస్తాలగుదురు. దీనికి విరుగుడు, తప్పు చేసినవాడే చివర ఆ లెక్కను మొదటినుండి చెప్పవలెనని నియమము పెట్టుకొనుట. అతడు చెప్పగలిగినప్పుడే ఆ లెక్క ముగిసినట్లు.

వేళ విషయమును తేలికగా తీసికొనరాదు. చీకటిపడిన తరువాత ఎక్కడనో చేరుదమనిన, ఆడపిల్లలకు సాధారణముగా వీలుపడదు. నీళ్లు పట్టుట, చెల్లెలిని ఎత్తుకొనుట, వంటలో తల్లికి సాయపడుట వారి పాలికే వచ్చును. తమ్ముడు అరుగుమీద చదువుచుండగా అక్క గిన్నెలు తోముచుండుట లోకములో వింత కాదు, న్యాయమును కాదు. మధ్యాహ్న భోజనమైన పిమ్మట మిగిలిన కాలములోనో, బడి విడిచిన వెంటనే బడిలోనో గుంపు కూర్చున్నచో వారును రాగలరు.

ఇక నొక కఠినమైన ప్రశ్న మిగిలినది. పిల్లలు దానిని పైకి అనరు గాని మనస్సులో అనుకొందురు. వేతనములకు పరిమితి యున్నది. జిల్లాలవారీగా మార్కుల వరుసను బట్టి వాటిని పంచుదురు. అట్లయినప్పుడు ప్రక్కవానికి నేర్పుట తన కంచములోనిది తీసి యిచ్చుట కాదా? ఈ ప్రశ్నను స్వార్థమని కసరి నోరు మూయించుట సరికాదు. పండ్రెండు వేలు అక్కఱయైన యింటి పిల్లవానికి ఈ సందేహము కలుగుట సహజము.

లెక్కగా చూచినచో జిల్లాలో పోటీపడువారు వేలకొలది, గుంపులోనివారు ముగ్గురు. ఎవరో తెలియని వేలమంది ముందుకు పోవుటను గూర్చి చింత లేక, ఎదుటనున్న ముగ్గురిని చూచి భయపడుట దగ్గరి వస్తువు పెద్దదిగా కనబడుట వంటిది. తన పేరు జాబితాకు సరిగా ఒక మెట్టు క్రింద నిలిచి, తాను నేర్పిన స్నేహితుని పేరు పైన నున్నప్పుడే ఆ నష్టము నిజమగును. నేర్పుటవలన తన జ్ఞానము గట్టిపడుటయో ప్రతి సాయంకాలము జరుగును. అరుదైన నష్టమునకు వెఱచి నిత్యలాభమును వదలుకొనుట వివేకము కాదు.

అయినను ఆ అరుదైన నష్టము ఎప్పుడును జరుగదని చెప్పుట అబద్ధమగును. నలుగురిలో ఇద్దరికి వచ్చి ఇద్దరికి రాకపోవచ్చును. రాని యిద్దరిలో ఎక్కువ నేర్పినవాడే ఉండవచ్చును. అట్టివానికి దుఃఖము కలుగును. అతనిని ఓదార్చుటకు నీతివాక్యములు చాలవు. అయితే గడియారపు లెక్కయు, వరుసల లెక్కయు అతనినుండి ఎవరును తీసికొని పోలేదు. పదవ తరగతి పరీక్షలో వరుస సంఖ్యకు పరిమితి లేదు. అక్కడ నలుగురును నెగ్గవచ్చును.

నెగ్గిన యిద్దరి పనియు ఆ దినముతో తీరదు. బడి రికార్డులోను, ఆధార్ కార్డులోను పేరు ఒకే విధముగా నుండవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను బ్యాంకులో సొమ్ము పడుటకు చిక్కు కలుగును. ఏటేట గడువులోపల దరఖాస్తును పునరుద్ధరించుకొనవలెను. ఆ గడువు తేదీని పుస్తకపు అట్టమీద వ్రాసికొని, మఱచినవారికి జ్ఞప్తిచేయుటకు కూడ ఆ పాత గుంపులో ఎవరో ఒకరు ఉండవలెను. ఆ పని రాని యిద్దరిలో ఒకరు చేసినను చేయవచ్చును.